పీటీఎంలో (స్కూల్లో పేరెంట్స్ మీటింగ్) ఎనిమిదో తరగతి పిల్ల మైకు పట్టుకుని మాట్లాడింది, తప్పా? (ఊర్లో ఇంకా రభసే)

కందుకూరోడు (టాపిక్ పెట్టింది)

అందరికీ నమస్తే. మాది కందుకూరు పక్క పల్లె, ఊరి పేరు ఎందుకులే. పొగాకు వేస్తా, మా హైస్కూల్లో ఎస్ఎంసీ (స్కూల్ కమిటీ) మెంబర్ని కూడా. ఈసారి మెగా పీటీఎంలో ఏం జరిగిందో చెప్తా, మీరేమంటారో చూద్దాం.

ముగ్గులు, తల్లులకి తాడు లాగే పోటీ, భోజనాలు, అంతా బానే నడిచింది. చివర్లో ఎనిమిదో తరగతి పిల్ల వచ్చి సార్ రాసిచ్చిన స్పీచ్ గడగడా చదివేసింది, అందరం చప్పట్లు కొట్టాం. ఆ పిల్ల పేపర్ మడిచి చేతిలో పెట్టుకుని మైకు మాత్రం వదల్లా. "ఇంకో మాట సార్, అన్నం బెల్లు అయినాక మా బాత్రూంలో నీళ్లుండవు, అందుకే పొద్దున్నించి మేం నీళ్లు తాగం" అనింది. అంతే, ఇంకేం అన్లా.

ఒక పెద్దాయన కుర్చీలోంచి లేచి "ఏందే ఆ మాటలు ఇంతమంది మొగోళ్ల ముందర, గమ్మున దిగు" అని అరిచాడు. మైకు లాక్కున్నారు. మర్నాడు పిల్ల నాయన పొలం పని మానుకోని వచ్చి హెచ్ఎం గారికి క్షమాపణ చెప్పి పోయాడు, ఇంట్లో పిల్లకి నాలుగు తగిలించినట్టే ఉంది మొహం చూస్తే. ఇప్పుడు ఊర్లో సగం మంది పిల్లదే తప్పంటున్నారు, సగం మంది ఏమీ అనకుండా ఉండారు. కమిటీ మీటింగ్ ఉంది వచ్చే వారం, నేనేం మాట్లాడాలి అక్కడ?

ఒంగోలు గిత్త

అన్నా, పిల్ల చెప్పింది నిజమే అనుకుందాం. చెప్పే చోటు అదేనా? క్లాస్ టీచర్ లేదా, ఇంట్లో అమ్మ లేదా? స్టేజీ ఎక్కి స్కూల్ పరువు తీస్తే ఎవడికైనా మండుద్ది. ఈ బాలల హక్కులు అవీ ఇవీ అంతా ఫారిన్ గోల, మనకి పెద్దల మాట వినడం నేర్పారు, మనం చెడిపోయామా ఏంది?

సెకండ్ ఇయర్ ఎంపీసీ

క్లాస్ టీచర్‌కి చెప్పకుండానే స్టేజీ ఎక్కి ఉంటదా అంకుల్? మేం కూడా స్కూల్లో ఉన్నప్పుడు చెప్పేవాళ్లం, "సరే చూద్దాం" అనేవాళ్లు, మళ్లీ చెప్తే "నీకొక్కడికేనా ప్రాబ్లం" అనేవాళ్లు, మూడోసారి ఇంక ఎవరు చెప్తారు. ఆ అమ్మాయికి మైకు దొరికింది కాబట్టి చెప్పేసింది, నాకైతే విజిల్ వేయాలనిపించింది.

పెన్నా గట్టు

నేను నెల్లూరు జిల్లాలో గవర్నమెంట్ టీచర్ని. పిల్ల చెప్పిన రెండో సగం ఎవరన్నా పట్టించుకున్నారా? "నీళ్లు తాగం" అనింది. ఇది మా స్కూల్లో కూడా చూశాను, బాటిల్ నిండుగా తెచ్చుకుని సాయంత్రం అట్టే నిండుగా తీసకపోతారు ఆడపిల్లలు. ఎండాకాలం మన నెల్లూరు ఎండల్లో పొద్దున తొమ్మిది నుంచి నాలుగింటి దాకా నీళ్లు తాగకపోతే తలనొప్పి, కళ్లు తిరగడం, యూరిన్ ఇన్ఫెక్షన్లు. నెలసరి రోజుల్లో అయితే మధ్యాహ్నం నుంచి అసలు రారు, అటెండెన్స్ రిజిస్టర్ చూస్తే తెలిసిపోద్ది, పొద్దున ప్రెజెంట్ మధ్యాహ్నం ఆబ్సెంట్. మేమంతా దాన్ని "పనికి పోయుంటది" అని రాసుకుంటాం.

మొగోళ్ల ముందర ఆ మాటేంటి అన్నాడే పెద్దాయన, ఆ స్కూల్ కమిటీలో నీళ్ల సంగతి తేల్చాల్సిన వాళ్లలో మొగోళ్లే ఎక్కువ కదా మరి, ఇంకెవరి ముందర చెప్పాలి?

ఒంగోలు గిత్త

టీచర్ గారూ మీరు చెప్పింది ఒప్పుకుంటా, నీళ్లు పెట్టాల్సిందే. నేననేది పద్ధతి గురించి. ఇయ్యాల నీళ్లు అంటది, రేపు సెల్‌ఫోన్ అంటది, ఎల్లుండి మావోడు బైక్ కావాలంటే వాడి హక్కని కొనిపెట్టాలా? పదో తరగతి వాడు.

నల్లకోటు

ఒంగోల్లో ప్రాక్టీస్ చేస్తాను, నాలుగు ముక్కలు చెప్తా, లాయర్లం కదా కొంచెం పొడుగవుద్ది, భరించండి.

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989 నవంబర్ 20న వచ్చింది, మన దేశం 1992 డిసెంబర్ 11న అందులో చేరింది. దాంట్లో 12వ ఆర్టికల్ ఏమంటదంటే, తనకి సంబంధించిన ఏ విషయంలోనైనా పిల్లలకి అభిప్రాయం చెప్పే హక్కుంది, ఆ అభిప్రాయానికి వయసుని బట్టి, తెలివిడిని బట్టి తగినంత విలువివ్వాలి అని. తగినంత అనే మాట అక్కడే ఉంది గిత్త గారూ, పిల్లలు ఏది అడిగితే అది చేసెయ్యమని ఎక్కడా లేదు. మీవోడి బైక్ సంగతి వినండి, ఎందుకు కావాలో అడగండి, గేరు బండికి 18 ఏళ్లు నిండితేగానీ లైసెన్స్ రాదని చెప్పి వద్దనండి. అక్కడితో మీ డ్యూటీ అయిపోయింది. వాడు నోరు తెరిచే లోపల నాలుగు తిట్టి పంపిస్తే మాత్రం కాలేదు.

ఫారిన్ గోల అన్నారు. ప్రపంచంలో అన్ని దేశాలూ ఆ ఒడంబడికని రాటిఫై చేసినా ఇంతవరకూ చెయ్యంది అమెరికా ఒక్కటే. ఇంక మన చట్టాల సంగతికొస్తే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్‌లోనే ఉంది, పిల్లవాడు తెలివిగా తన ఇష్టం చెప్పగల వయసులో ఉంటే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు అని, అంటే ఐక్యరాజ్యసమితి పుట్టక ముందు మాట. ఇప్పటికీ కస్టడీ కేసుల్లో జడ్జిగారు పిల్లల్ని ఛాంబర్‌లోకి పిలిచి, తల్లీ తండ్రీ లాయర్లూ ఎవరూ లేకుండా కూర్చోబెట్టి మాట్లాడతారు. పిల్లాడు చెప్పిందే తీర్పు అవ్వదు, కానీ వినకుండా తీర్పు ఇస్తే అది అర తీర్పే. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం మూడో సెక్షన్‌లో కూడా పిల్లల మాట వినాలని సూత్రంగానే రాశారు.

కందుకూరు అన్నకి పనికొచ్చే పాయింట్: విద్యాహక్కు చట్టానికి కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా రూల్స్ ప్రకారం ఎస్ఎంసీలో 75 శాతం తల్లిదండ్రులే ఉండాలి, మిగతా 25 శాతంలో మూడో వంతు స్థానిక విద్యావేత్తలనన్నా తీసుకోవచ్చు, స్కూల్ పిల్లలనన్నా తీసుకోవచ్చు, ఎవరనేది కమిటీలోని పేరెంట్సే నిర్ణయిస్తారు. చాలామందికి ఈ ముక్క తెలియదు. అలాగే 17వ సెక్షన్ ప్రకారం స్కూల్లో కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం, మాట్లాడినందుకు ఆ పిల్లని టీచర్లెవరన్నా సాధిస్తే అది కూడా దాని కిందకే వస్తది.

మైపాడు అల

రిటైర్డ్ హెచ్ఎంని. వయసు చాలదు అనే మాట మా కాలంలో కూడా విన్నాం, 1989 దాకా ఓటు 21 ఏళ్లకే, 18, 19 ఏళ్లోళ్లకి ఏం తెలుసు అనేవాళ్లు. నెల్లూరు జిల్లాలోనే దూబగుంట తీసుకోండి, పెద్దోళ్లకి చదువు చెప్పే అక్షరదీపం రాత్రి బడిలో కూర్చున్న ఆడోళ్లు సారా అంగడి వద్దు అన్నప్పుడు "వీళ్లకేం తెలుసు, రాత్రి బడిలో ఎవరో ఎక్కిస్తుండారు" అని ఎంత ఎగతాళి చేశారో నాకు గుర్తుంది. 1993లో సారా నిషేధం వచ్చాక అదే మనుషులు మేం ముందే చెప్పాం అన్నారు. ఈ పిల్లకి కూడా ఎవరో ఎక్కించారని మీ ఊర్లో అంటుండారా లేదా కందుకూరు అబ్బయ్యా?

కందుకూరోడు

అంటుండారు సార్, సైన్స్ మేడం ఎక్కించింది అంటుండారు 😀

మోడరేటర్

పిల్ల పేరు, ఊరు, స్కూల్ ఎవరూ రాయొద్దు. గెస్ చేసి రాసిన రెండు కామెంట్లు తీసేశాం. ఇంకోసారి రాస్తే ఐడీ బ్లాక్.

పొదలకూరు నిమ్మకాయ

మా ఇంట్లో జరిగింది చెప్తాను, దీనికి కలుస్తదో లేదో. మా పాప పది రాసింది. మా అత్తమ్మ ప్రతి ఏడాది రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకి పోయి స్వర్ణాల చెరువులో చదువు రొట్టె పట్టుకుంటది, ఏ చదువు అనేది మాత్రం ఆమే డిసైడ్ చేస్తది, బైపీసీ అంతే. మా ఆయన ఎంపీసీ అంటాడు. పాప సీఈసీ అనింది. ఇంక నెల రోజులు ఇల్లు ఇల్లుగా లేదు, సీఈసీ చదివి ఏం పీకుతావ్ అని ఆయన, ఫ్రెండ్స్ ఎక్కించారని అత్తమ్మ.

ఒకరోజు నిమ్మకాయలు గ్రేడింగ్ చేస్తా ఇద్దరమే కూర్చున్నప్పుడు నేను గ్రూపు సంగతి పక్కన పెట్టి ఊరకనే అడిగా, ఇంటర్‌లో నీకు భయం వేసేది ఏందమ్మా అని. చాలాసేపు ఏం మాట్లాడలా, కాయలు ఏరతానే ఉండాది. తర్వాత చెప్పింది, "నాకు బైపీసీ ఇష్టమే, హాస్టల్లో వెయ్యొద్దు, సీఈసీ అయితే ఇంటి నుంచి పోవచ్చని అట్టా చెప్పా" అని. దేవుడా, నెల రోజులు మేం కొట్లాడింది వేరే దాని మీద. వాళ్ల అక్క, అంటే మా బావగారి కూతురు, హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా ఏడ్చేది ఈ పిల్ల చూసిందంట, మాకు ఆ సంగతే తెలీదు. ఇప్పుడు బస్సులో పోయొస్తది, బైపీసీనే, అత్తమ్మ రొట్టె కూడా ఫలించినట్టే.

సెకండ్ ఇయర్ ఎంపీసీ

ఆంటీ మీ పాప లక్కీ. నేను నెల్లూర్లోనే హాస్టల్. పొద్దున అయిదున్నరకి స్టడీ అవర్, రాత్రి పదిన్నర దాకా. వీకెండ్ టెస్ట్ మార్కుల్ని బట్టి సెక్షన్ మారుస్తారు, కింద సెక్షన్‌కి పోతే మంచి లెక్చరర్లు రారు, ఫ్రెండ్స్ కూడా మారిపోతారు. ఆదివారం ఇంటికి ఫోన్, పక్కనే వార్డెన్ నిలబడి ఉంటాడు, అమ్మ "బాగున్నావా నాన్నా" అంటే "బాగున్నా" అనే అంటాం, ఇంకేమంటాం.

కంప్లైంట్ బాక్స్ ఉంది మా దగ్గర. ఎక్కడ పెట్టారో తెలుసా, ప్రిన్సిపాల్ రూం గుమ్మం పక్కన, సీసీ కెమెరా కింద. తాళం చెవి వార్డెన్ దగ్గర. మేం వార్డెన్ మీదే రాయాలి. మావోళ్లు చాక్లెట్ కాగితాలు వేస్తారు దాంట్లో.

నల్లకోటు

బాబూ నీకు తెలియాల్సింది ఒకటి చెప్తా. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకునే అమ్మాయి చనిపోయిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ గైడ్‌లైన్స్ ఇచ్చింది. 100 మంది, అంతకంటే ఎక్కువ స్టూడెంట్స్ ఉన్న చోట ట్రైనింగ్ ఉన్న కౌన్సెలర్ ఉండాలి, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు, అందరి ముందు అవమానించకూడదు అని. కేసు మన రాష్ట్రం నుంచే పోయింది. మీ అమ్మానాన్నకి ఈ మాట చెప్పు, వాళ్లని రాతపూర్వకంగా అడగమను. నీకు గానీ ఫ్రెండ్‌కి గానీ మనసు బాలేదనిపిస్తే 1098కి (పిల్లల హెల్ప్‌లైన్) ఫోన్ చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు, 18 లోపు ఎవరైనా చెయ్యొచ్చు.

పెన్నా గట్టు

బాక్స్ పెట్టిన చోటు చూస్తే చాలు, వినాలని ఉందో లేదో తెలిసిపోద్ది. మా స్కూల్లో మేం ఆడపిల్లల బాత్రూం గోడకి లోపలి వైపు పెట్టాం, తాళం ఇద్దరు లేడీ టీచర్ల దగ్గర, శనివారం తీస్తాం. వచ్చినవి ప్రేయర్‌లో చదువుతాం, పేర్లు చదవం. ఏది చేశామో ఏది చెయ్యలేమో సోమవారం చెప్తాం. చెయ్యలేకపోతే ఎందుకో కూడా. ఇది మానేసిన నెలలో చీటీలు ఆగిపోతాయి, పిలకాయలు తెలివైనోళ్లు, ఊరక అడుగుతున్నారని ఇట్టే కనిపెట్టేస్తారు.

ఇంకొకటి, అందర్నీ గ్రౌండ్‌లో కూర్చోబెట్టి "మీకేం సమస్యలున్నాయి చెప్పండమ్మా" అంటే ఎవరూ చెప్పరు. ఆరేడుగురిని కూర్చోబెట్టి చార్టు ఇచ్చి ఇంటి నుంచి స్కూల్ దాకా దారి గీయండి, భయం వేసే చోట ఎర్ర చుక్క పెట్టండి అని ఇచ్చా ఒకసారి. ఏడో తరగతి వాళ్లు వైన్ షాపు దగ్గర, కాలువ కల్వర్టు దగ్గర చుక్కలు పెడతారని ముందే అనుకున్నా, పెట్టారు. ఇంకో చుక్క స్కూల్ వెనక సైకిల్ షెడ్డు దగ్గర పెట్టారు, అందరూ. అక్కడ పదో తరగతి మగపిల్లలు నిలబడి కామెంట్లు చేస్తారంట. రోజూ ఆ షెడ్డు పక్కనే మేం టీ తాగుతాం.

గుండ్లకమ్మ

నేను మార్కాపురం ప్రాంతంలో పని చేస్తా, యర్రగొండపాలెం, దోర్నాల వైపు. ఇక్కడ స్టేజీ ఎక్కే పిల్లల సంగతి సరే, రిజిస్టర్లో పేరుండి ఊర్లో లేని పిల్లల సంగతి చెప్తా. మిరపకాయ కోతలప్పుడు గుంటూరు వైపు కుటుంబాలకి కుటుంబాలే పోతాయి. పిల్లల్ని ఊర్లో సీజనల్ హాస్టల్లో ఉంచమని మేం తల్లిదండ్రుల్ని తెగ బతిమాలాం, వాళ్లు సరే అన్నా పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఉండలా. మేం తిండి బాలేదేమో, బెంగేమో అనుకున్నాం. ఒక పదేళ్ల పిల్లని అడిగితే "మా చెల్లిని ఎవరెత్తుకుంటారు?" అనింది. చేలో అమ్మ కాయ కోస్తుంటే చంటిదాన్ని చూసేది ఈమె. ఆ చంటిదాని సంగతి తేలకుండా ఈ పిల్ల స్కూల్‌కి రాదు, మా ప్లాన్‌లో చంటిది అసలు లేదు. అప్పుడు గానీ పనికి పోయే ఊర్లో అంగన్‌వాడీ ఎక్కడుంది అని వెతకలేదు ఎవరూ.

చిన్నప్పుడు పెళ్లిళ్లు కూడా అంతే. ఆడపిల్లకి 18, మగపిల్లాడికి 21 అని 2006 చట్టం ఉంది, పెళ్లి ఆగినవాటిలో చానా వరకూ ఆ పిల్లో వాళ్ల క్లాస్‌మేటో 1098కి గానీ సచివాలయంలో మహిళా పోలీసుకి గానీ చెప్పినవే నా అనుభవంలో. ఒకవేళ పెళ్లి అయిపోయినా, ఆ పిల్లకి 18 నిండాక రెండేళ్ల లోపు కోర్టుకి పోయి రద్దు చేయించుకోవచ్చు, ఆమె ఇష్టమైతేనే. ఇది కూడా పిల్లలకి తెలియదు, ఎవరూ చెప్పరు.

ఒంగోలు గిత్త

పెళ్లిళ్లు, కూలి పని ఇవన్నీ వేరే లెవెల్, వాటికి నేను అడ్డం రాను. మా తాత మార్కాపురం పలకల పనికి చిన్నప్పుడే పోయి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు, ఆ దుమ్ము సంగతి నాకు తెలుసు. కానీ ఇంకా నా మాట నాదే, స్టేజీ మీద చెప్పే బదులు ముందు రోజు హెచ్ఎంకి చెప్పుంటే ఆ పిల్లకి దెబ్బలు తప్పేవి. హక్కులు చెప్పేవాళ్లు ఇంటికెళ్లాక పడే దెబ్బలకి అడ్డం రారు.

మైపాడు అల

ఈ చివరి మాట మాత్రం కరెక్ట్. పిల్లని మాట్లాడమని మనం ఎగేసి, తర్వాత ఇంట్లో ఆమెని ఒంటరిగా వదిలేస్తే పాపం మనదే. కందుకూరు అబ్బయ్యా, మీటింగ్ కంటే ముందు నువ్వు ఆ పిల్ల ఇంటికి పో. వాళ్ల నాయన్ని తిట్టొద్దు, పరువు పోయిందని అనుకుంటుండాడు ఆయన, ఆ పరువు నిలబెట్టే మాట చెప్పు.

పొదలకూరు నిమ్మకాయ

అవునండీ, మీ ఆవిణ్ని కూడా తీసకపోండి. ఆ పిల్లతో ఆమె మాట్లాడితే మంచిది.

కందుకూరోడు

అప్‌డేట్. లేటయింది, పొగాకు పనుల్లో పడి.

మా ఆవిడా నేనూ పోయాం. వాళ్ల నాయనతో "మీ పాప చెప్పబట్టి కమిటీకి నలభై వేలు మిగిలేట్టుంది, థాంక్స్ చెప్పడానికి వచ్చాం" అన్నా. ఆయన కాసేపు నమ్మలా, తర్వాత కుర్చీలేశాడు. నలభై వేలు ఎందుకన్నానంటే, నీళ్లు రావట్లేదని మేం కొత్త మోటార్ కొనాలని ముందే అనుకోనుండాం, కొటేషన్ కూడా తెప్పించాం. మా ఆవిడ ఆ పిల్లని అడిగింది, మోటార్ పాడైందామ్మా అని. ఆ పిల్ల "మోటార్ బానే ఉంది అత్తా, ప్లేట్లు కడిగే కుళాయిలూ మా బాత్రూమూ ఒకే ట్యాంకు, అన్నం తిన్నాక అందరూ ప్లేట్లు కడుగుతారు, చివర కుళాయికి పిడి లేదు, అబ్బాయిలు కవర్ చుట్టి కడతారు అది ఊడిపోద్ది, ట్యాంకు ఖాళీ" అనింది. ఇదీ సంగతి. మేం అయిదుగురం మెంబర్లం స్కూల్‌కి ఎన్నిసార్లు పోయామో, ఎవరం ప్లేట్లు కడిగే టైంలో పోలా.

మీటింగ్‌లో ఇదే చెప్పా. పిడి లేని కుళాయి అదే రోజు మార్చాం, వంద రూపాయల పని. బాత్రూంకి విడిగా చిన్న సింటెక్స్ ట్యాంకు పెట్టి లైన్ వేరు చేయాలని తీర్మానం రాశాం. నల్లకోటు గారు చెప్పిన రూల్ ప్రకారం పిల్లల్లోంచి ఇద్దర్ని, ఒక ఆడపిల్ల ఒక మగపిల్లాడు, కమిటీలోకి తీసుకుందాం అన్నా, దానికి మాత్రం గొడవైంది. ఆ పెద్దాయన "పిలకాయలు కూర్చుంటే నేను రాను" అన్నాడు. హెచ్ఎం గారు మధ్యే మార్గంగా ప్రతి మీటింగ్‌లో మొదటి అరగంట పిల్లల్ని పిలుస్తాం అన్నారు, మెంబర్లుగా కాదు. ప్రస్తుతానికి అక్కడ ఆగింది. ఆ అరగంటలో పెద్దాయన బయట టీ తాగొస్తాడంట.

పిల్లలు ఇంకా రెండు అడిగారు, శనివారం గేమ్స్ పీరియడ్ ఆడపిల్లలకి కూడా గ్రౌండ్ ఇవ్వమని, బాత్రూం తలుపుకి లోపల గడి పెట్టమని. గడి పెట్టించాం. గ్రౌండ్ సంగతి పీఈటీ సార్ చూస్తానన్నాడు.

జిల్లా మార్చినప్పుడు 2022లో మమ్మల్ని ఎవరూ అడగలేదని మేం ఎంత గోల చేశాం, ప్రకాశం నుంచి తీసి నెల్లూర్లో కలిపారని. అదే మాట మీటింగ్‌లో అంటే అందరూ నవ్వారు, కానీ ఓట్లు మాత్రం పడలా 😀

సెకండ్ ఇయర్ ఎంపీసీ

"పీఈటీ సార్ చూస్తానన్నాడు" అంటే అయిపోయింది అంకుల్. డేట్ అడగండి.

పెన్నా గట్టు

వాడు చెప్పింది కరెక్ట్. ఏ శనివారం నుంచో మినిట్స్ పుస్తకంలో రాయించండి, పిల్లలకి చదివి వినిపించండి. ఆ ట్యాంకుకి డబ్బు ఎక్కడిది మరి, స్కూల్ గ్రాంటా?

కందుకూరోడు

గ్రాంట్ సరిపోదు మేడం, సగం వస్తది. మిగతా సగం పంచాయతీని అడుగుదామని అనుకుంటున్నాం. అర్జీ ఎట్టా రాయాలి, సర్పంచ్‌కా సెక్రటరీకా?

నల్లకోటు

పంచాయతీ సెక్రటరీకి రాయండి, కాపీ సర్పంచ్‌కి, ఎంఈవోకి (మండల విద్యాధికారి). రెండు కాపీలు తీసకపోయి ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. ఎస్ఎంసీ తీర్మానం నకలు జత చేయండి. గ్రామసభలో కూడా పెట్టండి, పంచాయతీరాజ్ శాఖ పెట్టుకున్న తొమ్మిది థీమ్‌లలో బాలల స్నేహపూర్వక పంచాయతీ ఒకటి, ఆ పేరు అర్జీలో రాస్తే సెక్రటరీ పక్కన పడెయ్యలేడు. పిల్లలు చెప్పిన మాటలు వాళ్ల మాటల్లోనే రాయండి, మీరు గ్రాంథికంలోకి మార్చొద్దు.

ఒంగోలు గిత్త

ట్యాంకుకి నా తరఫున రెండు వేలు వేస్తా, ఫోన్ పే నంబర్ మెసేజ్ పెట్టన్నా. స్టేజీ విషయంలో మాత్రం నేను ఇంకా ఒప్పుకోలా.

కందుకూరోడు

పెట్టా అన్నా, ఇన్‌బాక్స్ చూడు. రసీదు కమిటీ పేరు మీద ఇస్తాం.